మేనకోడలితో కెమెరాలు మార్చుకున్నాను

మా బడిలో లెక్కలు చెప్పే మాస్టారు సంక్రాంతి సెలవుల ముందు వరండాలో ఆపి అడిగారు. "మేడం, మా వాడు కెమెరా కావాలని ప్రాణం తీస్తున్నాడు. డీఎస్‌ఎల్‌ఆర్ కొనమంటారా, మిర్రర్‌లెస్ కొనమంటారా?" బడిలో మెడకు కెమెరా తగిలించుకుని తిరిగేది నేనొక్కదాన్నే కాబట్టి ఇలాంటి ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన జవాబే మళ్ళీ చెప్పాను. "నేర్చుకునేవాళ్ళకు డీఎస్‌ఎల్‌ఆరే మంచిది మాస్టారూ."

ఇంటికి వచ్చి కాఫీ కలుపుకుంటుంటే సిగ్గేసింది. డీఎస్‌ఎల్‌ఆర్ అంటే లోపల అద్దం ఉండే పాత పద్ధతి కెమెరా, మిర్రర్‌లెస్ అంటే ఆ అద్దం తీసేసినది. ఆ మిర్రర్‌లెస్ కెమెరాను నేను చేత్తో పట్టుకున్నదే లేదు. చూడకుండా ప్రయోగ ఫలితం రాసే పిల్లలకు మార్కులు కోసేది నేనే.

నాది కెనాన్ 1500డి. 2018లో వచ్చిన మోడల్, నేను 2019లో రెండు లెన్సులతో కలిపి నలభై వేలకు కొంచెం తక్కువకు కొన్నాను. మా అన్నయ్య కూతురి దగ్గర కెనాన్ ఆర్50 ఉంది. అది 2023లో వచ్చింది, ధర నా దానికి దాదాపు రెట్టింపు. రెండూ ఆయా వరసల్లో కొత్తవాళ్ళ కోసం చేసినవే. రెండింటిలోనూ వెలుగును బొమ్మగా మార్చే పలక, అంటే సెన్సార్, ఒకే కొలతది, ఇంచుమించు 24 మెగాపిక్సెళ్ళు. ఫోన్ చేసి, సెలవులయ్యేదాకా కెమెరాలు మార్చుకుందామా అన్నాను. "నీ బండరాయిని నేను మోయాలా అత్తా?" అంది గానీ ఒప్పుకుంది. వెలుగు కొలతలన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లోనే తీయాలని షరతు పెట్టాను. ఆ షరతు చివరికి నాకే ఎదురు తిరిగింది.

మొదటి ఆదివారం తెల్లవారుతూనే గుంటూరు దగ్గరి ఉప్పలపాడు వెళ్ళాం. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణం పక్షులు సంతలో జనంలా కిక్కిరిసి ఉంటాయి. పక్షులు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఖరీదైన పెద్ద లెన్సు లేనివాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు లేదు. దూరపు వాటిని దగ్గరగా చూపే నా పొడుగు లెన్సు 55-250ను మేనకోడలి కెమెరాకు బిగించుకోవడానికి ఆమె స్నేహితుడి దగ్గర అడాప్టర్ అరువు తెచ్చింది.

ఆ అడాప్టర్‌ను చూస్తేనే సగం పాఠం అయిపోతుంది. అందులో గాజు ఏమీ లేదు, రెండు చివరల్లో విద్యుత్ కాంటాక్టులు ఉన్న బోలు గొట్టం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు బిగించే అంచు నుంచి సెన్సార్ దాకా 44 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది, ఎందుకంటే మధ్యలో అద్దం పైకీ కిందికీ ఆడాలి. అద్దం తీసేసిన ఆర్50లో ఆ దూరం 20 మిల్లీమీటర్లే. మిగిలిన 24 మిల్లీమీటర్లే ఆ గొట్టం. పాత లెన్సు కోసం, కూల్చేసిన గదిని మళ్ళీ కట్టి ఇస్తున్నారన్నమాట.

దీనివల్ల ఒక తమాషా జరిగింది. మిర్రర్‌లెస్ తేలిక అని ఎవరిని అడిగినా చెబుతారు. నిజమే, కెమెరా మటుకు 375 గ్రాములు, నాది 475. తన చిన్న లెన్సుతో కలిపినా ఆర్50 అర కిలో దగ్గరే ఆగుతుంది. కానీ నా పొడుగు లెన్సు 390 గ్రాములు, అడాప్టర్ 110. అన్నీ కలిపితే ఆర్50 బరువు 875 గ్రాములు, అదే లెన్సుతో నా బండరాయి 865. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మేనకోడలు మళ్ళీ బండరాయి అనలేదు.

పెరిస్కోపు చేసిన పిల్లలకు డీఎస్‌ఎల్‌ఆర్ అర్థం చేయించడం తేలిక. లెన్సులోంచి వచ్చిన వెలుగు 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దానికి తగిలి పైకి వెళుతుంది, అక్కడి అద్దాల్లో తిరిగి మన కంటికి చేరుతుంది. ఖరీదైన కెమెరాల్లో పైన గాజు పట్టకం ఉంటుంది. నా లాంటి చవక వాటిలో దాని బదులు అద్దాలు పేరుస్తారు, అందుకే దృశ్యం కాస్త మసకగా, చిన్నగా కనిపిస్తుంది. పైగా 95 శాతమే కనిపిస్తుంది. ఇంటికి వెళ్ళి చూసుకుంటే, చూడని ఆ అంచులో ఎవరిదో మోచెయ్యో, చెత్త సంచో ఉంటుంది. మీట నొక్కగానే అద్దం లేస్తుంది, క్షణం చీకటి, టక్కుమని చప్పుడు. మిర్రర్‌లెస్‌లో వెలుగు నేరుగా సెన్సార్ మీదే పడుతుంది. మనం కన్ను పెట్టి చూసేది 23.6 లక్షల చుక్కలున్న బుల్లి టీవీని.

ఆ బుల్లి టీవీ మొదటి గంట నాకు నచ్చలేదు. ఏడు గంటల వెలుగులో గూడబాతు మెడ మీది లేత రంగును అద్దంలో చూసిన కళ్ళకు అది సీరియల్ చూస్తున్నట్టు అనిపించింది. తర్వాత ఒక గూడబాతు ఎగరడానికి సిద్ధమైంది. అంత బరువైన పక్షి ఒక్కసారిగా లేవలేదు, నీళ్ళ మీద కాళ్ళతో తంతూ పరుగెత్తి లేస్తుంది. ఆర్50 తెరలో దాని కంటి మీద చిన్న చతురస్రం వచ్చి కూర్చుంది. పక్షి లేచినా, తిరిగినా, ఒక కొమ్మ అడ్డం వచ్చినా ఆ చతురస్రం కన్ను వదల్లేదు. సెకనుకు 12 ఫోటోలు. నా ప్రతిభ ఏమీ లేకుండా ఎనిమిది ఫోటోలు సూదిలా వచ్చాయి. పక్కన మేనకోడలు నా కెమెరాతో అదే పక్షి వెంట పడింది. అందులో ఫోకస్ బిందువులు తొమ్మిదే, అవీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. సెకనుకు మూడు ఫోటోలు. ఆమెకు దక్కినవి రెండు తోకలు, ఒక అలల ఫోటో.

"ఇన్నేళ్ళు దీంతో ఎలా తీశావు అత్తా?" అంది. చాలా తోకలు తీశానని చెప్పాను.

అయితే తొమ్మిదిన్నరకు ఆర్50 బ్యాటరీ ఎర్రబడింది. పక్షి ఎప్పుడు లేస్తుందా అని నేను కన్ను తీయకుండా కూర్చున్నంత సేపూ ఆ టీవీ వెలుగుతూనే ఉంటుంది కదా. కన్ను పెట్టి చూసే ఆ వ్యూఫైండర్‌తో తీస్తే ఒక చార్జికి 230 ఫోటోలని కంపెనీ లెక్క. నా 1500డికి అదే లెక్క 500. నా అనుభవంలో మూడు ఆదివారాలు వస్తుంది. అద్దంలో చూడడానికి బ్యాటరీతో పనే లేదు, కెమెరా ఆపేసి కూడా చూడవచ్చు. ఓపికగా కాచుకునేవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. మిర్రర్‌లెస్ కొనేవాళ్ళు రెండో బ్యాటరీ డబ్బులు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక నా షరతు ఎదురు తిరిగిన సంగతి. తిరుగు దారిలో టీ కొట్టు పంచ నీడలో ముసలాయన ఒకరు చుట్ట వెలిగించుకుంటూ కనిపించారు. ఆయనను అడిగి మేనకోడలు నా కెమెరాతో నాలుగు తీసింది. నాలుగూ నల్లటి నలుపు. చెరువు దగ్గర ఎండకు పెట్టిన కొలతలే అలా ఉండిపోయాయి. "అదేమిటి, తీసే ముందే నల్లగా కనిపించదా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. కనిపించదు. అద్దంలో ఎప్పుడూ లోకం లోకంలాగే ఉంటుంది, కెమెరా ఏం తీయబోతోందో అది చెప్పదు. కింద వెలుగు కొలిచే ముల్లు ఉంటుంది గానీ కొత్తవాళ్ళ కన్ను దాని మీదికి పోదు. ఆర్50లో వెలుగుకు తలుపులాంటి షట్టర్ వేగం పెంచితే బొమ్మ కళ్ళ ముందే చీకటవుతుంది, లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, అంటే అపెర్చర్, తెరిస్తే తెల్లబడుతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌తో నేర్చుకుంటేనే పునాది గట్టిపడుతుందని ఇన్నాళ్ళూ చెప్పుకొచ్చాను. అది కష్టపడ్డవాళ్ళ గొప్ప తప్ప మరేమీ కాదని టీ కొట్టు ముందు అర్థమైంది. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే వారం తర్వాత దిద్దిన పేపరు ఇవ్వడం మేలా, పక్కనే నిలబడి ఇక్కడ చూడు అనడం మేలా? ఇరవై ఏళ్ళ నౌకరీలో తెలిసిన విషయాన్ని కెమెరా దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను.

రెండో ఆదివారం మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకు. కెమెరాలు ఇంకా మార్పిడిలోనే ఉన్నాయి. ఆర్50తో వచ్చే లెన్సు వెలుగు విషయంలో పిసినారి. 18 మిల్లీమీటర్ల దగ్గర దాని అపెర్చర్ 4.5, నా పాత లెన్సుది 3.5. ఈ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, అంటే నాది ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ వెలుగు తీసుకుంటుంది. కానీ తక్కువ వెలుగును పెంచి చూపే ఐఎస్‌ఓ అంకె పెంచితే నా కెమెరా 3200 దాటగానే ఇసుక చల్లినట్టు చేస్తుంది, ఆర్50 ఆ పైన కూడా నిలబడింది. లెక్క సరిపోయింది.

పంతులుగారికి టక్కుటక్కు చప్పుడు ఎందుకని నిశ్శబ్ద షట్టర్ పెట్టాను. ఆవు లోపలికి రావడం, వదిన పాలు పొంగించడం, పొంగిన పాలు గిన్నె అంచు మీదుగా జారడం, అన్నీ చడీచప్పుడూ లేకుండా తీశాను. తర్వాత చూస్తే ఫోటోల నిండా అడ్డంగా నల్లటి చారలు. గోడ మీది ఎల్‌ఈడీ దీపాలు మన కంటికి తెలియకుండా ఆరి వెలుగుతుంటాయి. నిశ్శబ్ద పద్ధతిలో సెన్సార్ బొమ్మను పై నుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది, దీపం మసకబారిన క్షణంలో చదివిన వరసలన్నీ చారలవుతాయి. మామూలు షట్టర్‌కు మార్చగానే చారలు చాలావరకు పోయాయి గానీ పాలు రెండోసారి పొంగవు కదా. ఆ ఒక్క ఫోటో కోసం వదిన ఇప్పటికీ అడుగుతోంది.

వీడియో గురించి ఎక్కువ చెప్పను. నా దానిలో వీడియో తీస్తే ఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది, మైకు పెట్టుకునే చోటు కూడా లేదు. ఆర్50లో 4కె ఉంది, మైకు పెట్టుకోవచ్చు, తెర తిప్పి మన ముఖం మనం చూసుకోవచ్చు. వీడియో ముఖ్యమైతే చర్చే అనవసరం.

చర్చ ఉన్నది లెన్సుల దగ్గర. నా లాంటి డీఎస్‌ఎల్‌ఆర్‌లకు సరిపోయే కెనాన్ ఈఎఫ్ లెన్సులు 1987 నుంచి తయారవుతూ వచ్చాయి, వాడినవి ఏ పెద్ద ఊళ్ళోనైనా దొరుకుతాయి. ఆర్50 వరసకు సరిపోయే సిగ్మా లాంటి బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు కెనాన్ అనుమతితో రావడం 2024లోనే మొదలైంది. మరోవైపు 2020 తర్వాత కెనాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు. కాబట్టి నా కెమెరా పాతబడుతున్న ఇల్లు, సామాను మాత్రం చవక.

ఆ చవక సామానులో నా 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి. ఏ కంపెనీదో చెప్పను, వాడినది కొన్నాను. నాలుగేళ్ళుగా దానితో ముఖం తీస్తే కళ్ళు మసకగా, ముక్కు కొన స్పష్టంగా వస్తుంది. నా చెయ్యి వణుకుతోందనే అనుకున్నాను. గృహప్రవేశం రోజు మేనకోడలు తీసినవీ అలాగే వచ్చాయి. ఇంటికి వచ్చి దినపత్రికను బల్ల మీద పరిచి, ఏటవాలుగా కెమెరా పెట్టి, మధ్య వరస మీద ఫోకస్ చేసి తీశాం. స్పష్టంగా వచ్చింది మధ్య వరస కాదు, మనవైపు మూడు వరసలు ఇవతలిది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసేది సెన్సార్ కాదు. పెద్ద అద్దం వెనక ఇంకో చిన్న అద్దం కొంత వెలుగును కెమెరా అడుగుకు పంపుతుంది, అక్కడి పరికరం దూరం తేలుస్తుంది. ఆ దారికీ సెన్సార్ దారికీ వెంట్రుక వాసి తేడా వచ్చినా, లెన్సుకూ ఆ పరికరానికీ పొసగకపోయినా ఫోకస్ ముందుకో వెనక్కో తప్పిపోతుంది. ఖరీదైన వాటిలో దాన్ని సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది, నా దానిలో లేదు. అదే లెన్సును అడాప్టర్‌తో ఆర్50కి పెట్టి అదే పత్రికను తీశాం. మధ్య వరస, అక్షరం అక్షరం చదవగలిగేలా వచ్చింది. అక్కడ ఫోకస్ చూసేదీ బొమ్మ తీసేదీ ఒకే సెన్సార్, దారి తప్పే ప్రసక్తే లేదు. నాలుగేళ్ళు నా చేతిని అనవసరంగా అనుమానించాను.

మాస్టారికి జవాబు మార్చి చెప్పాను. డబ్బు పెట్టగలిగితే మిర్రర్‌లెస్ కొనండి, రెండో బ్యాటరీతో సహా. పెట్టలేకపోతే అప్పు చేయవద్దు, వాడిన డీఎస్‌ఎల్‌ఆర్, ఒక 50 లెన్సు తీసుకోండి, కొనేటప్పుడు దుకాణంలోనే దినపత్రిక పరిచి చూసుకోండి. ఆయన రెండోది ఎంచుకున్నారు. దుకాణదారు వింతగా చూశాడట గానీ పత్రిక పరవనిచ్చాడు.

నా కెమెరా నాకు తిరిగి వచ్చింది. ఉప్పలపాడుకు దాన్నే తీసుకెళుతున్నాను, తోకలు తీస్తున్నాను. 50 లెన్సు మాత్రం రాలేదు. "వారం ఉంచుకుంటాను అత్తా" అన్న మేనకోడలు సొంతంగా అడాప్టర్ కొనుక్కుంది. నిన్న రాత్రి ఫోన్‌కు మా అమ్మ ఫోటో పంపింది. కళ్ళద్దాల వెనక ఒక్కొక్క రెప్ప వెంట్రుకా లెక్కపెట్టవచ్చు.