మాధవరం మిలిటరీ మేస్త్రి

గౌతమి ఎక్స్‌ప్రెస్ తాడేపల్లిగూడెంలో దింపేసరికి ఇంకా తెల్లవారలేదు. పెదనాన్న సంవత్సరీకానికి వచ్చాను. ఆటో అతనికి వీధి పేరు చెప్పబోతే, "మిలిటరీ మేస్త్రి గారింటికా? ఎక్కండి" అన్నాడు.

గూడెంలో ఆయన్ని అందరూ అలాగే పిలిచేవారు. సొంతూరు మాధవరంలో ఆ పేరు చెబితే మాత్రం, "ఏ మిలిటరీ ఆయనండీ?" అని ఎదురడుగుతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లిన ఊరని చెబుతారు. అసలు పేరు పక్కనపెట్టి మిలిటరీ మాధవరం అనేస్తారు జనం.

కార్యక్రమం, భోజనాలు అయ్యాక సాయంత్రం మాధవరం వెళ్లాం. ఊళ్లోని సైనికుల స్మారకం దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకాయన, నేనెవరబ్బాయినో తెలిశాక వేసిన మొదటి ప్రశ్న "మీ పెదనాన్నది ఏ రెజిమెంటు?" అని. ఈఎంఈ, అంటే ఆర్మీలో బళ్లూ ఆయుధాలూ బాగుచేసే విభాగం, అన్నాను. "ఓహో, రిపేర్లోళ్లా" అన్నాడు. కాస్త చిన్నబుచ్చినట్టే అనిపించింది గానీ, పెదనాన్న వింటే నవ్వి ఊరుకునేవారు.

సికింద్రాబాద్ తిరుమలగిరిలో శిక్షణ పొంది వెహికల్ మెకానిక్ అయ్యారాయన. 1971లో తూర్పు సరిహద్దులో ఉన్నారు. చిన్నప్పుడు మేం యుద్ధం కబుర్లు చెప్పమంటే, బురదలో దిగబడ్డ శక్తిమాన్ లారీని ఎలా లాగారో చెప్పేవారు తప్ప తుపాకీ మాట ఎత్తేవారు కాదు. మాకు భలే విసుగొచ్చేది. ఆ యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ చూపించమంటే, "అప్పుడు యుద్ధ ప్రాంతాల్లో సర్వీసు చేసినోళ్లందరికీ ఇచ్చార్రా, నాకూ ఇచ్చారు" అనేవారు. అది నిజమే కూడా.

పెన్షన్‌తో తిరిగొచ్చి గూడెంలో మోటార్ వైండింగ్ షాపు పెట్టారు. మెట్టలో బోర్ల కింద సాగు, కరెంటేమో ఎప్పుడొస్తుందో తెలీదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి కాయిల్ మాడిపోతుంది. అలా మాడినవి వారం వారం వచ్చేవి. పాత కాయిల్ కోసేముందు చుట్లు లెక్కపెట్టి, వైరు గేజి, తేదీ, రైతు ఊరు నోటు పుస్తకంలో రాసేవారు. ఆర్మీలో బండి బండికీ లాగ్ బుక్ ఉన్నట్టే, ఇక్కడ మోటారు మోటారుకీ ఓ పేజీ.

మర్నాడు పెద్దమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు సర్దిపెట్టాను. డిశ్చార్జి బుక్‌లో ఆవిడ పేరు ఒక్క అక్షరం తేడా. దానికోసం అఫిడవిట్ రాయించాలి. "ఆయన బతికుండగా చూసుకోవద్దూ!" అని పెద్దమ్మ కోప్పడింది. ఊరందరి మోటార్ల లెక్కా సరిగ్గా రాసిన మనిషి, ఇంట్లో కాగితం మాత్రం పట్టించుకోలేదు.

తర్వాత షాపుకెళ్లాను. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే నడుపుతున్నాడు. అప్పుడే ఓ రైతు 5 హెచ్‌పీ మోటారు దింపాడు. కుర్రాడు పాత పుస్తకాలు తిరగేసి, అదే మోటారు పేజీ తీసి, వైరు గేజి చూసుకుని రేటు చెప్పాడు.

"మేస్త్రి గారైతే ఓ రెండొందలు తగ్గించేవారయ్యా" అన్నాడు రైతు.

"ఆయన ఎప్పుడూ తగ్గించలేదు బాబాయ్, అప్పు రాసుకునేవారు. ఆ పుస్తకం వేరే ఉంది, పెద్దమ్మ గారి దగ్గర. చూపించమంటారా?"

రైతు మోటారు అక్కడే వదిలేసి టీ తాగొస్తానని వెళ్లాడు.