అరిసెల డబ్బా, రెండో కుట్టు

జాకెట్టు కుట్టేటప్పుడు పక్కల లోపల కాస్త గుడ్డ మిగిల్చి మూడు వరసల కుట్లు వేస్తాం. ఒళ్ళు వచ్చినప్పుడు ఒక వరస విప్పుకుంటే సరిపోతుంది. మా వీధిలో ఎవరు ఏ కుట్టు మీద ఉన్నారో నాకు తెలుసు. నేను మాత్రం మూడూ విప్పేసుకుని, ఆ పైన కొత్తవి కుట్టుకుంటూ వచ్చాను. దర్జీదాన్ని కదా, ఆ సౌకర్యం ఉంది.

సెప్టెంబరులో రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు చక్కెర 6.1 వచ్చింది. 6.5కి చేరితే మధుమేహం కిందే లెక్క అన్నారు డాక్టరు గారు. ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదట. ఇరవై రెండేళ్ళుగా అంగుళాల్లో బతుకుతున్నదాన్ని, ఇంటికి వచ్చి టేపు తిరగేసి చూస్తే 80 అంటే ముప్పై ఒకటిన్నర. నాది 37. వేరేవాళ్ళ కొలతైతే మారుమాట లేకుండా పుస్తకంలో రాసుకునేదాన్ని.

అప్పుడు 78 కిలోలు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె, పొద్దున ముప్పావు గంట నడక, చక్కెర లేని టీ. జనవరి వచ్చేసరికి 72. పెట్టె అడుగున పడి ఉన్న ఆకుపచ్చ జాకెట్టు రెండో కుట్టు మీద పట్టింది. సంక్రాంతికి అదే వేసుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను.

ధనుర్మాసంలోనే పరీక్ష మొదలైంది. నడిచే దారిలో గుడి, గుడిలో నెయ్యి కారే వేడి పొంగలి. ప్రసాదం వద్దనే ధైర్యం నాకు లేదు. దొన్నె పట్టకుండా అరచేయి పట్టడం నేర్చుకున్నాను.

భోగికి రెండు రోజుల ముందే తెనాలి నుంచి పుట్టింటికి చేరాను. అమ్మ అప్పటికే తడిబియ్యం పిండి పట్టించి బెల్లం పొయ్యి మీద పెట్టింది. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేస్తే ఉండ కట్టాలి, అది పాకం. వదిన పిండి పోస్తూ ఉంటే అమ్మ తెడ్డుతో తిప్పుతుంది. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కే పని నేను అడిగి తీసుకున్నాను. నా స్వార్థం నాది. నొక్కిన కొద్దీ నూనె గిన్నెలోకి ధారగా కారుతుంటే ఎంత సంతోషమో! "అంత కసిగా నొక్కకే, అట్టముక్కలు అవుతాయి" అని అమ్మ చెక్కలు లాక్కుంది.

మొదటి అరిసె వేడిగా తిన్నాను. ఒక్కోటి ఇంచుమించు 200 కెలోరీలు, అంటే నా ముప్పావు గంట నడక. పండగ మూడు రోజులూ రోజుకొకటి తిన్నాను, కనుమ నాడు నాటుకోడి పులుసుతో మూడు గారెలు తిన్నాను. కనుమ నాడు మినుము తినాలి కదా. ఆ పొద్దున కాలవగట్టు మీద నడుస్తుంటే పెదనాన్న ఆపి, "కనుమ నాడు కాకి కూడా కదలదు, నువ్వెక్కడికి పోతున్నావు?" అన్నాడు. ఇంకో చుట్టు తిరిగి వెనక్కి వచ్చాను.

నిజానికి పండగ తిండితో నాకు పేచీ లేదు. అది మూడు రోజులు. పండగ నుంచి వెంట వచ్చే డబ్బాలతోనే చిక్కు. నిరుడు అరిసెల డబ్బా మిషను పక్క అరలో పెట్టుకుని, ఒక్కో జాకెట్టుకు హుక్కులు కుట్టడం అయ్యాక ఒక్కోటి తిన్నాను. శివరాత్రికి అడుగు కనిపించింది. "అల్లుడికి" అని అమ్మ ఇచ్చిన వాటిలో ఆయనకు నాలుగు కూడా దక్కలేదు.

ఈసారి మూడు డబ్బాలు సర్దితే రెండు దింపించాను. అమ్మ మొహం చిన్నబోయింది, అరిసెల డబ్బా మాత్రం వదల్లేకపోయాను. ఇంటికి వచ్చి తూకం చూస్తే 73.4. గుండె గుభేలుమంది. కిలో కొవ్వు చేరాలంటే 7,700 కెలోరీల దాకా ఎక్కువ తినాలి, నాలుగు అరిసెలు, మూడు గారెలతో అంత ఎక్కడ తిన్నాను? ఉప్పుకీ పిండివంటలకీ ఒంట్లో నిలిచిన నీరే చాలావరకు. వారం తిరిగేసరికి 72.1కి దిగింది.

డబ్బాను ఇస్త్రీ బల్ల మీద పెట్టాను. జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ తలా ఒకటి. నాలుగో రోజుకు ఖాళీ.

అమ్మ ఫోను చేసి అడిగింది, అరిసెలు ఎలా ఉన్నాయని. "అప్పుడే అయిపోయాయమ్మా" అన్నాను, నిజమే కదా. "నాలుగు రోజుల్లోనా! అంత నచ్చాయా?" అని మురిసిపోయింది. నిన్న సాయంత్రం ఊరి నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఫోను చేశాడు. మీ అమ్మగారు డబ్బా ఇచ్చారు, కాస్త బరువుగా ఉంది, తొందరగా వచ్చి తీసుకోండి అని.