100లోంచి 7 తీసేస్తే

కాలేయ మార్పిడి జరిగిన ఐదో నెలలో డాక్టరుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "100లోంచి 7 తీసేయండి. వచ్చినదాంట్లోంచి మళ్లీ 7. అలా చెబుతూ వెళ్లండి" అన్నారు. నేను పదిహేడేళ్లు లెక్కల టీచర్ని. 93 అన్నాను, 86 అన్నాను. ఆ తర్వాత దేంట్లోంచి తీయాలో మర్చిపోయాను. మొదట్లో చెప్పిన ఐదు మాటల్లో ఒక్కటే గుర్తొచ్చింది. జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే ఆ పరీక్షని మోకా అంటారు. 30కి 26 వస్తే మామూలుగా ఉన్నట్టు. నాకు 21 వచ్చాయి. అక్కడే ఏడ్చేశాను.

నిజానికి నాలుగు నెలలుగా ఈ సంగతి దాస్తూ వచ్చాను. కాలేయంలో భాగం ఇచ్చింది మా తమ్ముడు. వాడి పొట్ట మీద కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది. బతికాను గానీ బుర్ర పనిచేయట్లేదురా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? రిపోర్టులు బాగున్నాయని ఇంట్లో అందరూ సంబరపడుతుంటే, చదివిన పేరానే నాలుగుసార్లు చదువుతూ కూర్చునేదాన్ని.

మతి తప్పడం నాకు కొత్త కాదు. ఆపరేషన్‌కు ముందు, పాడైన కాలేయం అమ్మోనియాను తీసేయలేక అది మెదడుదాకా వెళ్లేది. అది తగ్గడానికి లాక్టులోజ్ అనే మందు తాగిస్తూ ఉండేవారు. రెండుసార్లు మావారినే ఎవరని అడిగానట. కొత్త కాలేయంతో ఆ మైకం పోయింది. ఇది అలాంటిది కాదు. మనుషులు తెలుస్తారు, ఇవాళ ఏ రోజో తెలుస్తుంది, మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. స్టవ్ మీద ఏం పెట్టానో మాడిన వాసన వచ్చేదాకా గుర్తుండదు.

అసలు ప్రమాదం మందుల దగ్గర జరిగింది. శరీరం కొత్త కాలేయం మీద దాడి చేయకుండా టాక్రోలిమస్ అనే మందు 12 గంటలకోసారి వేసుకోవాలి. తక్కువైతే కాలేయానికి ముప్పు. ఎక్కువైతే నరాల మీద పడుతుంది: చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, ఆలోచన చెదిరిపోతుంది. రాత్రి వేసుకున్నానో లేదో తేలక, మానేస్తే తమ్ముడిచ్చింది పాడైపోతుందేమోనన్న భయంతో మళ్లీ వేసుకున్నాను. ఇలా ఎన్నిసార్లో నాకే తెలియదు. మరుపు వల్ల మందు ఎక్కువైంది, మందు ఎక్కువై మరుపు పెరిగింది.

కనిపెట్టింది తమ్ముడే. "అక్కా, నెలాఖరు దాకా రావాల్సిన మాత్రలు అప్పుడే ఎలా అయిపోయాయి?" అన్నాడు. ఇక దాచలేకపోయాను. మొత్తం చెప్పాను. వాడు కోప్పడలేదు. మర్నాడే హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు.

పొద్దుటి మాత్రకు ముందు రక్తం తీస్తే మందు స్థాయి మిల్లీలీటరుకు 16 నానోగ్రాములు ఉంది. నాకు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. మెగ్నీషియం కూడా పడిపోయింది, అదీ ఈ మందు ప్రభావమేనట. డాక్టర్లు మోతాదు సరిచేసి వారంవారం రక్తపరీక్ష చేయించారు. నిద్ర గురించి, దిగులు గురించి విడిగా అడిగారు. అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వారానికి 14 అరలున్న మాత్రల డబ్బా కొన్నాం. అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే.

మూడు వారాల్లో వణుకు తగ్గింది. నిద్రకు రెండు నెలలు పట్టింది. మాటలు మాత్రం చాలా నెమ్మదిగా తిరిగొచ్చాయి. ఏడాది తర్వాత అదే పరీక్షలో 25 వచ్చాయి. ఆపరేషన్‌కు ముందు అన్నిసార్లు మైకం కమ్మినందువల్ల కొంత లోటు ఉండిపోవచ్చని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. అలా ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు ఒక్క పూటే స్కూలుకు వెళ్తున్నాను. ఒకప్పుడు నోటితో చేసిన లెక్కని బోర్డు మీద మెట్టుమెట్టుగా రాస్తాను. మధ్యలో ఆగిపోతే పై వరుస చూసుకుంటాను. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేస్తాడు. రిపోర్టుల సంగతి తర్వాత. ముందు, "ఇవాళ ఏం మర్చిపోయావక్కా?" అని అడుగుతాడు. గుర్తున్నంతవరకు చెబుతాను.