లండను అడ్డం, నిడదవోలు నిలువు

సంచిక కోసం ఏదైనా రాసి పంపమని మన బడి పూర్వ విద్యార్థుల సంఘం వారు రెండుసార్లు కబురు చేశారు. సింహాచలం మెట్ల పోటీ గురించీ, అల్లిపురం బ్యాచ్ గెలిచిన కబడ్డీ కప్పు గురించీ మిగతావారు ఎలాగూ రాస్తారు కనుక, నేను సోమవారం రెండో పీరియడు గురించి మాత్రమే రాస్తాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నా జ్ఞాపకంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తొమ్మిదిలో తెలుగు మాస్టారు వచ్చిన నాటి నుంచి మాత్రం ఏ బెంచీలో ఎవరు కూర్చున్నారో ఈ రోజుకీ చెప్పగలను.

బారిష్టరు చదువు కోసం ఇంగ్లండు బయలుదేరిన ఒక పల్లెటూరి కుర్రాడి కథతో మొక్కపాటి నరసింహశాస్త్రి గారు రాసిన హాస్య నవల ‘బారిష్టర్ పార్వతీశం’ మన లైబ్రరీలో ఒక్క ప్రతే ఉండేది. అది మనకు ఉపవాచకం కూడా కాదు. శనివారం ఆఖరి పీరియడులో మాస్టారు దాన్ని పైకి చదివి వినిపించేవారు. గంట కొట్టగానే పుస్తకం బీరువాలోకి వెళ్ళిపోయేది. వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు కనుక, నలభై రెండు మందిమి విన్న కథలో సగం ఆదివారం సాయంత్రానికే జారిపోయేది. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయమే సోమవారం బెంచీకొకటి చొప్పున పంచిన గళ్ళనుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్ పజిల్. సైక్లోస్టైల్ సిరా ఇంకా ఆరని ఆ కాగితం మీద మోచేయి పెట్టినవారి చొక్కా ఇంటికి వెళ్ళాక ఏమయ్యేదో మీకు చెప్పనక్కరలేదు.

‘పార్వతీశం సొంత ఊరు’ అని ఆధారం, పక్కన నాలుగు అని అంకె. మొగల్తూరు రాయడానికి నాలుగు గళ్ళు చాలవని, మనం సోడాబుడ్డి అని పిలిచే కుర్రాడు లేచి వాదించాడు. ‘ల్తూ’ ఒకే గడిలో పడుతుందని చెబుతూ మాస్టారు, ‘ఒత్తుకు వేరే కాపురం ఉండదురా, పై అక్షరంతోనే దాని సంసారం’ అన్నారు. వ్యాకరణంలో సంయుక్తాక్షరం గురించి తరువాత ఎన్ని పేజీలు చదివినా నాకు గుర్తున్నది ఆ మాటే.

తెలుగులో గళ్ళు కట్టడం ఎంత కష్టమో చాలా ఏళ్ళ తరువాత, మా అమ్మాయి కోసం నేనే ఒకటి కట్టబోయినప్పుడు తెలిసింది. ఇంగ్లీషులో బి ఎక్కడున్నా బి యే. మనకు బ వేరు, బో వేరు. కొలంబోలోని ‘బో’ గడి మీదుగా ఎడింబరోలోని ‘బ’ దాటిపోలేదు. గుణింతం మారితే రెండు మాటలు కలవవు. ఇంత ఇరుకులోనూ ఆయన లండనులోనూ నిడదవోలులోనూ రెండో అక్షరం ‘డ’ అని పట్టుకుని, లండనును అడ్డంగా పడుకోబెట్టి, పార్వతీశం మద్రాసు రైలెక్కిన నిడదవోలును దాని మీదుగా నిలువునా దించారు. ఆ ఒక్క కాగితం కట్టడానికి ఆయన ఎన్ని రాత్రులు కూర్చున్నారో ఆనాడు మనలో ఎవరమూ అడగలేదు.

ఈ పద్ధతి ఎందుకు పనిచేసిందో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. చదివిన పేజీని మళ్ళీ చదివితే అంతా తెలిసినట్టే ఉంటుంది గానీ, ఖాళీ గడి ముందు ఆ భ్రమ నిలవదు. మాట మన లోపలి నుంచే రావాలి. అయితే అక్షరాల లెక్క, అప్పటికే అడ్డంగా నిండిన ఒక్క గడి కొంత సాయం చేస్తాయి. తప్పు రాస్తే దాని మీదుగా దిగే మాట చెడిపోయి, ఎర్రసిరా అవసరం లేకుండానే తప్పు బయటపడుతుంది.

గళ్ళు నిండినంత మాత్రాన ఆయన వదిలేవారు కాదు. గళ్ళలోని అంకెల వరుస కథ వరుస కాదు కనుక, జవాబులన్నిటినీ కథలో జరిగిన క్రమంలో పేర్చి, ఒక్కొక్క మాట మీద ఒక్కొక్క వాక్యం చెప్పించేవారు. నా దృష్టిలో అసలు చదువు అక్కడే జరిగింది. అది లేకపోతే మిగిలేది ఊళ్ళ పేర్ల జాబితా మాత్రమే. ‘టోపీ’ దగ్గరకు వచ్చినప్పుడు, తాను కొన్నది ఆడవారి టోపీ అని పార్వతీశానికి ఎందుకు తెలియలేదని ఆయన అడిగారు. అందరూ నవ్వుతుండగా కిటికీ బెంచీవాడు లేచి, ‘అంతకుముందు చూసి ఎరగడు, అడగడానికి సిగ్గుపడ్డాడు’ అన్నాడు. మాస్టారు చాలాసేపు వాడి వైపే చూశారు. ఏ గడిలోనూ పట్టని జవాబది.

మొదటి క్రాస్‌వర్డ్ పజిల్ 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రం ఆకారంలో కట్టినదని చెప్పినదీ, తెలుగులో గళ్ళు కట్టిన శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ విశాఖపట్నంలోనే పుట్టారని చెప్పినదీ ఆయనే. ఆ రెండో మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులోని గర్వం మనందరికీ అంటుకుంది.

పదో తరగతి తరువాత ఎవరి దారి వారిదయింది. నేను ఓడలెక్కి, చీఫ్ ఇంజినీరుగా పదవీ విరమణ చేసి, విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ దీపం కనబడే ఇంట్లో ఉంటున్నాను. మొదటిసారి కొలంబో రేవులో లంగరు వేసిన రాత్రి, ఇంజను గదిలోంచి పైకి వచ్చి దీపాల వరుస చూడగానే నా నోట వచ్చినవి మూడు అక్షరాలు, మూడు గళ్ళు: కొ, లం, బో. మార్సేల్స్ రేవులోనూ అంతే. పార్వతీశం డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని వెళ్ళిన సముద్రాన్ని నేను జీతం తీసుకుంటూ దాటానని మాస్టారికి ఉత్తరం రాశాను. జవాబుగా వచ్చిన కార్డులో కుశల ప్రశ్నలు లేవు. చేత్తో గీసిన ఐదు గళ్ళ చదరం, ఆధారాలు మాత్రమే ఉన్నాయి.

లండను, నిడదవోలు ఉన్న ఆ సోమవారపు కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. దాని నకలు ఈ వ్యాసంతో పాటు సంఘానికి పంపుతున్నాను. మా బెంచీలో ముగ్గురం కలిసి నింపినది. నిడదవోలు నా చేతిరాత. ‘టోపీ’ని కొట్టివేసి మళ్ళీ రాసిన చేయి మాత్రం నాది కాదు. మిగిలిన ఇద్దరిలో అది ఎవరిదో, సంచిక అందిన తరువాత ఒక్కసారి ఫోను చేసి చెప్పండి.