కడప బండల నేల మీద చేతి టైరు ఛేంజర్: పని ఎంతవరకు వచ్చిందంటే

కారు చక్రాలకూ, ట్రాక్టరు ముందు చక్రాలకూ సమ్మెట దెబ్బలు లేకుండా టైరు విప్పే యంత్రాన్ని మా షెడ్డులోనే తయారుచేసుకోవాలని మొదలుపెట్టిన పనిలో చట్రం, నడిమి స్తంభం, బీడును (రిమ్ముకు పట్టుకొని ఉండే టైరు లోపలి అంచును) విడదీసే చెయ్యి పూర్తయ్యాయి. టైరును ఎక్కించే కడ్డీ ఒక్కటే మిగిలింది.

చట్రానికి 75 మి.మీ. ఇనుప ఛానల్‌నూ, స్తంభానికి రెండంగుళాల సి క్లాసు (దళసరి రకం) పైపునూ వాడాను. ఆ పైపు గోడ మందం 4.5 మి.మీ. ఉంటుంది కనుక మెలితిప్పే బలానికి ఆగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది నేల గురించే. కడపలోని చాలా షెడ్లలాగే మాది కూడా నాపరాతి బండలు పరచిన నేల. బండకే రంధ్రం వేసి బోల్టు బిగిస్తే, అది పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి కాబట్టి చిట్లిపోయే ప్రమాదముంది. చిట్లకపోయినా, నాలుగడుగుల కడ్డీ చివర పట్టుకొని గట్టిగా తిప్పినప్పుడు బండ మొత్తం కదిలిపోతుంది. అందువల్ల ఒక బండను తీసివేసి, అడుగున్నర చదరాన అడుగు లోతు గుంత తవ్వించి, కొసలు వంచిన 12 మి.మీ. బోల్టులు నాలుగింటిని నిలిపి సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు పోయించాను. బోల్టులను ముందుగానే ఒక చెక్కకు బిగించి ఉంచితే పోసేటప్పుడు పక్కకు ఒరగవు. మన ఎండల్లో వారం పాటు తడి గోనెపట్టాలు కప్పక తప్పదు. ఈ శ్రమ ఎంత ఎక్కువనిపించినా పునాది దగ్గర పొదుపు చేయడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

బీడు విడదీసే చెయ్యి పొడవు ఐదడుగులు. ఇరుసుకు అడుగు దూరంలో టైరును నొక్కే పాదం ఉంది కాబట్టి చివర 40 కిలోల బరువు మోపితే పాదం దగ్గర 200 కిలోలవుతుంది. అయితే ఆ బలం రిమ్ము అంచును ఆనుకొని టైరు మీదనే పడాలి, అంచు మీద పడితే రిమ్ము వంగిపోతుంది. అందుకని పాదానికి 10 మి.మీ. పట్టీని రిమ్ము వంపుకు తగినట్టు వంచి, టైరు పక్క తెగకుండా కొసలన్నీ గ్రైండరుతో గుండ్రంగా అరగదీశాను.

స్విఫ్ట్ చక్రానికి బోల్టు రంధ్రాలు 100 మి.మీ. వలయం మీద, మరికొన్ని కార్లకు 114.3 మి.మీ. వలయం మీద ఉంటాయి. చక్రం తిరగకుండా ఆపే చీల రెండింటికీ అందేలా పై పలకలో రంధ్రానికి బదులు పొడవాటి గాడి కోశాను.

విప్పేముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. బీడుకు సబ్బునీళ్లే పూయాలి, గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. కడ్డీ పెట్టిన చోటుకు ఎదురుగా ఉన్న బీడును రిమ్ము నడిమి పల్లంలోకి దించితేనే ఇవతలి వైపు వదులు దొరుకుతుంది. రింగు రిమ్ములున్న (టైరును విడి ఇనుప రింగుతో బిగించే) లారీ చక్రాలను దీని మీద పెట్టనే కూడదు.

కడ్డీ ముక్కుకు నైలాన్ ముక్కను చెక్కుతున్నాను. దానిని మొదట పాత ఇనుప రిమ్ము మీదనే పరీక్షించి, ఆ తరువాతే అల్లాయ్ చక్రాన్ని ఎక్కిస్తాను.