టాపెట్ గ్యాప్: చల్లారిన ఇంజిన్ మీదే చూడాలి

ఇంజిన్ వాల్వు కొనకీ, దాన్ని నొక్కే మీటకీ (రాకర్) మధ్య ఉండే సన్నని ఖాళీయే టాపెట్ గ్యాప్. టాపెట్ల టిక్‌టిక్ వినపడగానే కంగారు పడతారు గానీ, అసలు భయపడాల్సింది గ్యాప్ తగ్గిపోయిన వాల్వు గురించి. అది చప్పుడే చేయదు. మూసుకున్నప్పుడు ఆనే సీటు మీద పూర్తిగా కూర్చోక, వేడిని సిలిండర్ హెడ్‌కి వదల్లేక, అంచు కాలిపోతుంది.

గ్యాప్‌ని రాకర్ కొన స్క్రూతో సరిచేసే టాపెట్లయితే పద్ధతి ఇదీ. బండి రాత్రంతా చల్లారాలి. స్పార్క్ ప్లగ్ తీస్తే క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పుతూ, ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని మూసుకున్నాక వచ్చే ‘టి’ గుర్తు (పిస్టన్ పైకొసకు చేరిందని ఫ్లైవీల్ మీద చూపేది) దగ్గర ఆపండి. రెండు రాకర్లూ వేలికి కొద్దిగా ఆడాలి. ఆడకపోతే అది ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర. ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

కొలత మాన్యువల్‌లో ఉన్నదే పెట్టాలి, పక్క బండిది కాదు. ఎగ్జాస్ట్ ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి చాలా ఇంజిన్లలో దానికి కాస్త ఎక్కువ గ్యాప్ ఇస్తారు. 0.08 మి.మీ. కావాలంటే సన్నని కొలత రేకులుండే ఫీలర్ గేజ్‌లో 0.08 బ్లేడు కాస్త పట్టుతో జారాలి, 0.10 దూరకూడదు.

పని చెడేది స్క్రూ తిప్పి గ్యాప్ పెట్టాక దాన్ని బిగించే లాక్‌నట్ దగ్గర. నట్టుతో పాటు స్క్రూ కూడా తిరిగి గ్యాప్ మారిపోతుంది. స్క్రూని కదలకుండా పట్టుకుని బిగించి, మళ్లీ కొలవండి. క్రాంక్ రెండు చుట్లు తిప్పి ఇంకోసారి.

ఇంత చేసినా టిక్‌టిక్ పోలేదా? స్క్రూ కొన చూడండి. అక్కడ గుంట పడితే బ్లేడు దాని అంచుల మీదే నిలుస్తుంది. గేజ్ సరిగ్గా చూపినా అసలు గ్యాప్ ఎక్కువే ఉంటుంది.