స్కిమ్మర్ పక్షి కెమెరాకి దొరికింది!

ఇంజన్ ఆపేశాక కూడా ఇంకాస్త దగ్గరికి పోదామని నా ఆత్రం. పడవ నడిపే బాబాయి ఒప్పుకోలేదు. "ఆగండి, పోటెక్కితే అవే ఇటు జరుగుతాయండి" అన్నాడు. నిజంగానే జరిగాయి.

కాకినాడలో కుంభాభిషేకం అనే చోటు దగ్గర బురద తిన్నె మీద ఇండియన్ స్కిమ్మర్ల గుంపు. అన్నీ గాలికి ఎదురుగా, ఒకే వైపు తిరిగి కూర్చున్నాయి.

అందులో ఒకటి లేచి నీళ్లకి ఆనుకుని ఎగిరింది. నోరు తెరిచి, కింది ముక్కు మాత్రం నీళ్లలో ముంచి, కత్తెరతో గుడ్డ కోసినట్టు సర్రున పోయింది. కెమెరా షట్టర్ వేగం 1/3200 సెకనుకి పెట్టి నొక్కుతూనే ఉన్నా. ఫొటో జూమ్ చేస్తే నారింజ రంగు ముక్కు, పసుపు కొస, దాని రెండు పక్కలా చీలిన నీళ్లు... ఒళ్లు పులకరించింది!

కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. చేప తగలగానే పైది టక్కున మూసుకుంటుంది. పిల్లలు పుట్టినప్పుడు మాత్రం రెండూ సమానంగానే ఉంటాయట. ఎంత ముద్దుగా ఉంటాయో!

వేసవిలో ఇవి చంబల్, మహానది లాంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెడతాయి. నీళ్లు తగ్గితే కుక్కలు నడిచొచ్చి తినేస్తాయి. 2020లో వీటిని అంతరించే ప్రమాదమున్న పక్షుల్లో చేర్చారు. అందుకే మన తీరంలో కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

వెళ్లేవాళ్లు ఎగిరే ఫొటో కోసం గుంపును లేపకండి, ప్లీజ్. మిగతా ఫొటోలు రాత్రికి పెడతా.